మీ స్థలంలో తాబేలు బొరియ ఉందా? ఫ్లోరిడాలో ఇల్లు కట్టించుకునేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

"తాబేలు చొచ్చిన ఇల్లూ, అమీనా చొచ్చిన ఇల్లూ ఒకటే" అని మన పాత సామెత. అమీనా అంటే కోర్టు తరఫున జప్తుకి వచ్చే మనిషి. ఫ్లోరిడాలో పావు ఎకరమో అర ఎకరమో కొనుక్కుని, శంకుస్థాపనకి ముహూర్తం కూడా పెట్టుకున్నాక, స్థలం నడిమధ్యలో బొరియ కనిపించినవాళ్లకి ఈ సామెత గుర్తు రాకుండా ఉండదు. నాకూ వచ్చింది. టాంపా, ఓర్లాండో, జాక్సన్‌విల్ వైపు ఖాళీ స్థలం కొని సొంతంగా కట్టించుకుందామనుకునే మనవాళ్లు నన్ను అడిగిన ప్రశ్నలనే ఇక్కడ పోగుచేశాను. నేను లాయర్‌ని కాదు. ఒకసారి ఈ దారిలో నడిచి, నడవక ముందు తెలుసుకుని ఉంటే బాగుండేదనుకున్నవాణ్ణి.

ఇది ఏ తాబేలు? మన చెరువుల్లో ఉండేదేనా?

కాదు. దీన్ని గోఫర్ తాబేలు అంటారు. పూర్తిగా నేల మీద బతికే జీవి. అమెరికాలో మిసిసిపీ నదికి తూర్పున సహజంగా పుట్టి పెరిగే నేల తాబేలు ఇదొక్కటే. ఫ్లోరిడాలో ఉన్న 67 కౌంటీల్లోనూ (మన జిల్లాల్లాంటివి) కనిపిస్తుంది. పెంకు పొడవు 9 నుంచి 11 అంగుళాలు, ముందుకాళ్లు పారల్లాగా, వెనకకాళ్లు ఏనుగు కాళ్లలాగా ఉంటాయి. గడ్డి, నాగజెముడు, నేలబారు మొక్కల ఆకులు, పండ్లు తింటుంది.

దీని అసలు ప్రత్యేకత బొరియ. సగటున 15 అడుగుల పొడవు, ఆరున్నర అడుగుల లోతు ఉంటుంది. 40 అడుగులు దాటినవి కూడా ఉన్నాయి. తాబేలు తవ్వుకున్న ఈ ఇంట్లో 350కి పైగా రకాల జీవులు తలదాచుకుంటాయి: ఇండిగో పాము, గోఫర్ కప్ప, ఫ్లోరిడా ఎలుక, లెక్కలేనన్ని పురుగులు. మంటలు వచ్చినా, ఎండ మండినా, చలి కొరికినా అవన్నీ దూరేది ఇందులోకే. ఇంటి ఓనరు పోతే అద్దెకున్నవాళ్లంతా రోడ్డున పడతారు. ఒక్క తాబేలుకి ఇంత చట్టం ఎందుకని అడిగేవాళ్లకి నేను చెప్పే జవాబు ఇదే.

మరి ముప్పు ఎందుకొచ్చింది?

తాబేలుకి నచ్చే భూమే బిల్డర్‌కీ నచ్చుతుంది. ఎత్తుగా, పొడిగా, నీళ్లు నిలవకుండా, మెత్తటి ఇసుకతో ఉండే నేల. పునాదికి అంతకంటే ఏం కావాలి? ఒకప్పుడు ఈ ప్రాంతమంతా పొడవాకు పైన్ చెట్ల అడవులు. అవి చాలావరకు పోయాయి. మిగిలినచోట్ల మంటలు రానివ్వకపోవడంతో పొదలు దట్టంగా పెరిగి, ఎండ నేలకి దిగక, తాబేలు తినే గడ్డి చచ్చిపోతోంది. ఈ అడవులకి అప్పుడప్పుడు మంట కావాలి. వినడానికి వింతగా ఉన్నా అది నిజం.

మనుషులు తిన్నారు కూడా. 1930ల ఆర్థిక మాంద్యంలో పేదవాళ్లు దీన్ని పట్టి కూర వండుకుని, అప్పటి ప్రెసిడెంట్ పేరు మీద ఎగతాళిగా 'హూవర్ కోడి' అని పిలిచేవారు.

ఇక పిల్లల సంగతి. ఆడ తాబేలు గుడ్లు పెట్టే వయసుకి రావడానికే పదేళ్ల నుంచి ఇరవై ఏళ్లు పడుతుంది. ఏడాదికి ఒక్కసారి, 5 నుంచి 9 గుడ్లు పెడుతుంది. అందులో ఎక్కువ భాగం గుడ్లు తినే జంతువులైన రకూన్‌ల పాలు. కాబట్టి బుల్డోజర్ కింద నలిగిన ఒక ముసలి తాబేలు లోటు పూడడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది.

చట్టం అసలు ఏమంటోంది?

ఫ్లోరిడా రాష్ట్రం 2007లో దీన్ని 'ముప్పున్న జాతి' జాబితాలో చేర్చింది. అమలు చేసేది రాష్ట్ర చేపల, వన్యప్రాణుల సంరక్షణ కమిషన్. అందరూ ఎఫ్‌డబ్ల్యూసీ అంటారు, నేనూ అలాగే రాస్తాను. వాళ్ల నిబంధన ప్రకారం తాబేలుకే కాదు, దాని బొరియకీ రక్షణ ఉంది. పర్మిట్ లేకుండా తాబేలుని పట్టకూడదు, వేధించకూడదు, చంపకూడదు, దగ్గర పెట్టుకోకూడదు, అమ్మకూడదు. బొరియని పూడ్చకూడదు, కూల్చకూడదు. నేల చదును చేయడం మొదలవకముందే, పర్మిట్ తీసుకుని, తాబేళ్లని అక్కడి నుంచి తరలించాలి.

ఈ చివరి వాక్యంలో 'ముందే' అన్న మాటని గట్టిగా పట్టుకోండి. మనవాళ్లు చిక్కుల్లో పడేది దాదాపుగా ఇక్కడే.

25 అడుగుల లెక్క ఏమిటి?

బొరియ నోటి నుంచి చుట్టూ 25 అడుగుల లోపల నేలని కదిలించే పని ఏదీ చేయకూడదు. అంత దూరం వదిలేసి కట్టుకోగలిగితే తాబేలుని కదిలించక్కర్లేదు, తరలింపు పర్మిటూ అక్కర్లేదు. వీలు కాకపోతే పర్మిట్ తప్పదు. ఎందుకు 25 అంటే, సొరంగం సగటున 15 అడుగులు పోతుందని పైన చెప్పాను కదా. అది ఏ దిక్కుకి మళ్లిందో పైనుంచి తెలియదు. పైన బరువైన మెషీన్ నడిస్తే లోపల కూలిపోతుంది.

మన లెక్కలో చెప్తాను. 25 అడుగుల వ్యాసార్ధంతో గీసిన వలయం దాదాపు 218 గజాలు. హైదరాబాద్‌లో అయితే అదే ఒక మంచి ప్లాటు. పావు ఎకరం అంటే 1,210 గజాలు. అందులో ఒక మూల బొరియ ఉంటే ఇంటి ప్లాన్ కాస్త జరుపుకుని బయటపడొచ్చు. నడిమధ్యలో ఉంటే, దానికి తోడు సెప్టిక్ ట్యాంకు, బోరు, డ్రైవ్‌వే ఉంటే, కుదరదు. స్నేహితుడొకడు వాస్తు ప్రకారం ఈశాన్యం ఖాళీగా వదలాలి కాబట్టి అక్కడి బొరియని అలాగే ఉంచేశానని చెప్పాడు. వాస్తు ఇన్నాళ్లకి ఒక మంచి పనికొచ్చింది.

బొరియ తాబేలుదో, ఎలుకదో, ఆర్మడిల్లోదో ఎలా తెలుస్తుంది?

తాబేలు బొరియ నోరు అర్ధచంద్రాకారంలో ఉంటుంది, కింద చదును, పైన వంపు. తాబేలు పెంకు ఆకారమే అది. ముందు ఇసుక విసనకర్రలా పరుచుకుని ఉంటుంది. ఆర్మడిల్లో (ఒంటి మీద కవచం ఉండి నేల తవ్వే జంతువు) తవ్వింది గుండ్రంగా ఉంటుంది. తాబేలు లోపల ఎక్కడైనా వెనక్కి తిరగాలి కాబట్టి సొరంగం వెడల్పు దాని పొడవంత ఉంటుంది. అంటే నోటి వెడల్పు చూస్తే లోపలున్నది ఎంతదో ఒక అంచనాకి రావచ్చు.

పిల్ల తాబేళ్ల బొరియలు మాత్రం రెండు మూడు అంగుళాలే. గడ్డిలో అసలు కనబడవు. అందుకే మీ కళ్ల మీద ఆధారపడకుండా ఎఫ్‌డబ్ల్యూసీ గుర్తింపు ఉన్న ఏజెంట్‌తో సర్వే చేయించుకోవాలి.

సాలెగూడు కట్టి, ఆకులు పేరుకుని ఉంది. పాతబడినట్టుంది. పూడ్చేయొచ్చా?

వద్దు. ఒక్కో తాబేలు ఏడాది పొడవునా రెండు మూడు బొరియల మధ్య తిరుగుతూ ఉంటుంది. ఇవాళ ఖాళీగా ఉన్నది రేపటికి నిండొచ్చు. నిజంగా వదిలేసినదా, తాబేలు ఉండే వీలున్నదా అన్నది తేల్చాల్సింది ఏజెంటే.

కేంద్ర చట్టం ఈ తాబేలుకి వర్తించదా?

వర్తించేది కొంత ప్రాంతంలోనే. అలబామాలోని మొబైల్, టాంబిగ్బీ నదులకి పడమటి వైపు ఉన్నవాటికి, అంటే పశ్చిమ అలబామా, మిసిసిపీ, లూయిజియానాల్లో, 1987 నుంచి కేంద్ర రక్షణ ఉంది. ఫ్లోరిడా, జార్జియా, సౌత్ కరోలినా, తూర్పు అలబామాల్లో ఉన్నవాటిని జాబితాలో చేర్చనక్కర్లేదని కేంద్ర వన్యప్రాణి శాఖ 2022 అక్టోబర్‌లో తేల్చింది. కాబట్టి ఫ్లోరిడాలో మీ లావాదేవీ రాష్ట్రంతోనే.

ఒక మెలిక ఉంది. బొరియలో ఉండే ఇండిగో పాముకి 1978 నుంచి కేంద్ర రక్షణ ఉంది. పెద్ద స్థలాల్లో అది ఉండే అవకాశం ఉంటే వ్యవహారం కేంద్ర వన్యప్రాణి శాఖ దాకా వెళ్తుంది. పావు ఎకరం వాళ్లు దీని గురించి టెన్షన్ పడనక్కర్లేదు, పాము కనబడితే పని ఆపి ఏజెంట్‌కి ఫోన్ చేస్తే చాలు.

మా కాలనీ కట్టినప్పుడు ఇదంతా లేదే! అప్పుడేం చేశారు?

మీ కాలనీ 2007కి ముందుదైతే, జవాబు వినడానికి బాగుండదు. 1990ల మొదట్లో నుంచి 2007 వరకు రాష్ట్రమే ఒక రకం పర్మిట్ ఇచ్చేది. బిల్డర్ కొంత సొమ్ము కట్టి, ఆ సొమ్ముతో వేరేచోట తాబేళ్ల కోసం భూమి కొనేలా ఏర్పాటు చేస్తే, తన స్థలంలోని బొరియల మీదుగా బుల్డోజర్ నడుపుకోవచ్చు. లోపల తాబేళ్లు ఉన్నా సరే. తాబేలు శరీరం చాలా నిదానంగా పనిచేస్తుంది, తక్కువ గాలితో, తిండి లేకుండా చాలాకాలం ప్రాణం పట్టుకుని ఉండగలదు. కాబట్టి పూడిపోయిన బొరియలో అది ఒక్క రోజులో చావదు. వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.

కొత్త ఇళ్లు, కొత్త షాపింగ్ సెంటర్లు, వాటి కింద సజీవ సమాధులు. ఈ సంగతి జనానికి తెలిసేసరికి పెద్ద గొడవైంది. 2007లో ఆ పర్మిట్లు ఆపేసి, తరలింపునే నియమం చేశారు. ఇప్పటి పర్మిట్ మార్గదర్శకాలు 2008 నుంచి మొదలయ్యాయి, ఆ తర్వాత చాలాసార్లు సవరించారు. ఏజెంట్‌ల ఫీజులు, ఆలస్యాలు చూసి విసుక్కున్న రోజుల్లో నేను ఈ కథ గుర్తు తెచ్చుకునేవాణ్ణి. విసుగు పూర్తిగా పోయిందని అనను.

నాకు ఏ పర్మిట్ కావాలి?

ఇల్లు కట్టుకునేవాళ్లలో ఎక్కువమందికి సరిపోయేది 'పది లేదా అంతకంటే తక్కువ బొరియల' పర్మిట్. పేరు జాగ్రత్తగా చదవండి. పది తాబేళ్లు కాదు, పది బొరియలు. ఒకే తాబేలుకి మూడు బొరియలుంటే లెక్కలోకి వచ్చేది మూడు. పది దాటితే 'కన్జర్వేషన్ పర్మిట్'. పెద్ద లేఅవుట్లు, అపార్ట్‌మెంట్లు, గోడౌన్లు కట్టేవాళ్లకి అది. పైపులైన్లు, కరెంటు లైన్లు వేసేవాళ్లకి తాబేళ్లని పని అయ్యేదాకా పక్కన ఉంచి మళ్లీ వదిలే తాత్కాలిక పర్మిట్ ఒకటి ఉంది. మనకి దాంతో పని పడదు.

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. ఫీజులు, సంరక్షణ కోసం కట్టాల్సిన సొమ్ము మారుతూ ఉంటాయి కాబట్టి ఎఫ్‌డబ్ల్యూసీ సైట్‌లో ఆ రోజు ఉన్నది చూసుకోండి.

కొనే ముందు ఏం చూసుకోవాలి?

నేను చూసుకోనిది చూసుకోండి. స్థలం ఫోటోలు బాగున్నాయి, రేటు బాగుంది, క్లోజింగ్, అంటే మన రిజిస్ట్రేషన్ లాంటిది, నెలలో అయిపోయింది. రియల్టర్ తాబేలు మాట ఎత్తలేదు, నేను అడగలేదు. క్లోజింగ్ తర్వాత మొదటిసారి స్థలమంతా నడిచినప్పుడు మా అమ్మ, ఇండియా నుంచి వచ్చి ఉంది, "ఇదేమిట్రా, పందికొక్కు కలుగు ఇంత ఉంది" అంది. ఒకటి కాదు, నాలుగు.

కాబట్టి సంతకం పెట్టకముందే స్థలమంతా అటూ ఇటూ వరసలుగా నడవండి. ఇసుక నేల, ఎత్తు ప్రదేశం, పైన్ చెట్లు, నాగజెముడు ఉంటే తాబేలు ఉందనుకునే నడవండి. పక్క స్థలాల్లో కూడా కంచె అవతల నుంచి ఓ చూపు వేయండి. అగ్రిమెంట్‌లో ఇన్‌స్పెక్షన్ గడువు ఉంటుంది కదా, ఆ గడువులోపు సర్వే చేయించి, బొరియలు బయటపడితే వెనక్కి తగ్గే హక్కు లేదా రేటు తగ్గించే షరతు రాయించుకోండి. ఒకే వీధిలో పక్కపక్కన ఉన్న రెండు ఖాళీ స్థలాల రేట్లలో పెద్ద తేడా ఉంటే దాని వెనక ఒక్కోసారి ఉండేది ఈ తాబేలే.

బిల్డర్ చూసుకుంటానన్నాడు. సరిపోతుందా?

నోటిమాట సరిపోదు. సర్వే ఎవరు చేయిస్తారు, పర్మిట్ ఎవరి పేరున, తరలింపు ఖర్చు ఎవరిది, ఆలస్యమైతే కాంట్రాక్టు రేటు పెరుగుతుందా అన్నవి కాగితం మీద ఉండాలి. భూమి మీ పేరున ఉంది. పొదలు కొట్టడానికి వచ్చిన సబ్‌కాంట్రాక్టర్ బొరియ తొక్కేస్తే అడిగేవాళ్లు మీ గుమ్మం ముందుకే వస్తారు.

పని ఏ వరుసలో జరగాలి?

ముందు సర్వే, తర్వాత పర్మిట్, ఆ తర్వాత తాబేళ్ల తరలింపు, చివరికి నేల చదును. దరఖాస్తుతో పెట్టే సర్వే 90 రోజులకంటే పాతది కాకూడదు. తాబేళ్లు ఊరుకోవు కదా, కొత్తవి వస్తుంటాయి, ఉన్నవి కొత్త బొరియలు తవ్వుతుంటాయి. నేను ఉత్సాహంగా ముందుగానే సర్వే చేయించి, బ్యాంకు లోన్ కోసం ఆగి, మళ్లీ డబ్బు కట్టి రెండోసారి చేయించాను. చాలా కౌంటీలు చెట్లు కొట్టే పర్మిట్, బిల్డింగ్ పర్మిట్ ఇచ్చేముందు తాబేళ్ల కాగితం అడుగుతాయి. అడగని కౌంటీ ఉన్నా, కౌంటీ పర్మిట్ చేతిలో ఉందని ఎఫ్‌డబ్ల్యూసీ పర్మిట్ అక్కర్లేదని కాదు. రెండూ వేరు.

మొత్తానికి ఎన్నాళ్లంటారా? నెలల్లో లెక్క వేసుకోండి. ముహూర్తం పర్మిట్ వచ్చాక పెట్టించుకోండి.

తాబేలుని ఎలా పట్టుకుంటారు?

రెండు పద్ధతులు ఎక్కువ వాడతారు. మొదటిది బకెట్. బొరియ నోటి ముందు పెద్ద బకెట్‌ని నేలమట్టంగా పాతి, పైన కాగితం పరిచి ఇసుక చల్లుతారు. తాబేలు బయటికి వస్తూ అందులో పడుతుంది. నీరు నిలవకుండా బకెట్ అడుగున చిల్లులు, ఎండ తగలకుండా పైన నీడ, రోజూ వచ్చి చూడటం తప్పనిసరి. ఇది 28 రోజుల దాకా సాగొచ్చు. తాబేలుకి తొందర లేదు. లోపల పడుకుని మీ లోన్ వడ్డీ పెరగడం చూస్తూ ఉంటుంది.

రెండోది తవ్వకం. ఇక్కడ బ్యాక్‌హో అంటారు, మన ఊళ్లలో జేసీబీ అనే బండితోనే. వినగానే భయం వేస్తుంది గానీ పని చాలా నేర్పుగా జరుగుతుంది. ముందు సొరంగంలోకి ఒక వంగే పైపు దూర్చి అది ఎటు పోతోందో చూసుకుంటారు. బండి పైపైన ఇసుక పొరలు తీస్తూ ఉంటే, ఏజెంట్ గుంటలో నిలబడి చేత్తో, చిన్న పారతో సొరంగాన్ని వెతుక్కుంటూ ముందుకి వెళ్తాడు. చివరికి వచ్చేసరికి పూర్తిగా చేతి పనే. మా స్థలంలో మూడో బొరియ పద్దెనిమిది అడుగులు తవ్వాక ఖాళీగా తేలింది. నాలుగోదానిలో తాబేలుతో పాటు నాలుగైదు కప్పలు దూకాయి. గుడ్లు దొరికితే వాటిని తిరగేయకుండా, ఉన్నది ఉన్నట్టుగా ఎత్తి తీసుకెళ్లాలి. పక్షి గుడ్డులా తాబేలు గుడ్డుని దొర్లిస్తే లోపలి పిండం చచ్చిపోతుంది.

పట్టినవాటిని కొలిచి, పెంకు అంచున గుర్తు పెట్టి, నీడలో ఉంచి, వీలైనంత తొందరగా కొత్తచోటికి చేరుస్తారు. ఆ తర్వాత చదును మొదలయ్యేదాకా స్థలం చుట్టూ కంచె వేయించుకోవడం మంచిది. లేకపోతే పక్కవాళ్ల తాబేలు ఖాళీ అయిన ఇంటిని చూసి మకాం మార్చేస్తుంది.

చలికాలంలో ఎందుకు ఆపేస్తారు?

తాబేలుది చల్లటి రక్తం. కొత్తచోట బొరియ లేకుండా చలికి దొరికిపోతే తట్టుకోలేదు. అందుకని వదిలే రోజు, ఆ తర్వాత రెండు రోజులు కనిష్ఠ ఉష్ణోగ్రత 50 డిగ్రీల ఫారన్‌హీట్ పైనే ఉంటుందని వాతావరణ సూచన ఉండాలి. ఉత్తర ఫ్లోరిడాలో డిసెంబర్, జనవరి నెలల్లో అలాంటి మూడు రోజులు వరసగా దొరకడం కష్టం. మయామీ వైపు ఈ ఇబ్బంది తక్కువ.

పట్టినవాటిని ఎక్కడికి తీసుకెళ్తారు? ఖర్చు ఎక్కడ అవుతుంది?

స్థలం పెద్దదైతే అందులోనే ఒక పక్కకి జరపొచ్చు. లేదంటే తాబేళ్లని చేర్చుకోవడానికి పర్మిట్ ఉన్న భూములకి పంపాలి. వీటిని రిసీపియంట్ సైట్లు అంటారు. ఎక్కువగా ప్రైవేటు పశువుల క్షేత్రాలు, పాత పైన్ తోటలు. దీర్ఘకాలిక సైట్ అనిపించుకోవాలంటే ఓనరు ఆ భూమిని ఎప్పటికీ ఇళ్లకి వాడనని శాశ్వతంగా రాసివ్వాలి, మంటలు పెట్టడం, గడ్డి చూసుకోవడం చేయాలి. ఎకరానికి ఇన్ని తాబేళ్లే అని పరిమితి ఉంటుంది. కాబట్టి సైట్లు నిండిపోతాయి, నిండేకొద్దీ రేటు పెరుగుతుంది. ఒక్కో తాబేలుకి వేల డాలర్లు అడిగే పరిస్థితి వచ్చింది. మీ బిల్లులో పెద్ద అంకె ఎఫ్‌డబ్ల్యూసీ ఫీజు కాదు, సైట్ ఓనరుకి, ఏజెంట్‌కి ఇచ్చేది.

వీటిలో అందరికీ తెలిసినది వాల్టన్ కౌంటీలోని నొకూసీ. ఎం.సి. డేవిస్ అనే వ్యాపారి, 2015లో చనిపోయాడు, కలప కంపెనీలు కొట్టేసి వదిలిన భూములు కొని 50,000 ఎకరాలకి పైగా పోగుచేసి, పొడవాకు పైన్ అడవిని మళ్లీ పెంచడం మొదలుపెట్టాడు. వేల తాబేళ్లు అక్కడికి చేరాయి. ఎగ్లిన్ వైమానిక స్థావరం భూముల్లోకి కూడా తరలించారు.

నేనే పట్టుకుని పక్క అడవిలో వదిలేస్తే ఎవరికి తెలుస్తుంది?

ఈ ప్రశ్న అడగనివాళ్లు లేరు. సరదాగా అడిగినట్టు అడుగుతారు. చేయకండి. మొదటిది, అది నేరం. రెండోది, తాబేలుకి తన ఊరు తెలుసు. వదిలినచోట ఉండదు, ఇంటిదారి పట్టి రోడ్డు దాటుతూ కారు కింద పడుతుంది. మూడోది, ఈ తాబేళ్లకి ఊపిరితిత్తుల దారిలో వచ్చే అంటురోగం ఒకటుంది. ఒకచోటి తాబేలుని ఇంకోచోట వదిలితే రోగాన్ని కూడా మోసుకెళ్లినట్టే.

ఇలా ఎవరో ఎత్తుకెళ్లి, ఎక్కడివో తెలియకుండా పోయిన అనాథ తాబేళ్ల కోసం ప్రత్యేకంగా చోట్లు ఉన్నాయి. సౌత్ కరోలినాలోని ఐకెన్ దగ్గరి రక్షిత ప్రాంతంలోకి అలాంటివాటిని చాలా చేర్చారు.

ఏ పనులకి పర్మిట్ అక్కర్లేదు?

మామూలుగా గడ్డి కోసుకోవచ్చు, బొరియ కూలకుండా చేత్తో మొక్కలు నాటుకోవచ్చు. వ్యవసాయం, కలప తోటల పనులు, అడవి ఆరోగ్యం కోసం పెట్టే మంటలకి తరలింపు పర్మిట్ అడగరు. అయితే వ్యవసాయం పేరు చెప్పి దున్నించి ఆర్నెల్ల తర్వాత ప్లాట్లు వేద్దామనే తెలివి మనవాళ్లకి వచ్చే ఉంటుంది. ఎఫ్‌డబ్ల్యూసీ వాళ్లు అది ఎప్పుడో చూసేశారు.

పట్టుబడితే శిక్ష ఏమిటి?

ముప్పున్న జాతిని కావాలని చంపడం, గాయపరచడం ఫ్లోరిడాలో మూడో తరగతి ఫెలనీ, అంటే తీవ్రమైన నేరాల్లో ఒకటి. ఐదేళ్ల దాకా జైలు, 5,000 డాలర్ల దాకా జరిమానా. పని కూడా ఆగిపోతుంది. వీసా మీదో గ్రీన్ కార్డు మీదో ఉన్నవాళ్లు ఇంకోటి ఆలోచించుకోవాలి. ఫెలనీ కేసు ఇమిగ్రేషన్ ఫైలుకి చుట్టుకుంటే ఐదు వేల డాలర్లు చిన్న విషయం అయిపోతుంది. అలాంటి నోటీసు వస్తే ముందు క్రిమినల్ లాయర్‌తో పాటు ఇమిగ్రేషన్ లాయర్‌నీ కలవండి.

రోడ్డు మీద కనబడితే?

దానికి తోచినట్టు పోనివ్వండి. బండ్లు వస్తుంటే ఎత్తి, అది వెళ్తున్న వైపే రోడ్డు అవతల దింపండి. కారులో ఎక్కించుకోవద్దు. నీళ్లలో అస్సలు వేయొద్దు. బీచ్ దగ్గర ఇసుక దిబ్బల్లో కనబడిన పిల్ల తాబేలుని సముద్రపు తాబేలనుకుని కెరటాల్లో వదిలేస్తారు కొందరు. పుణ్యం అనుకుంటారు, అది మునిగి చస్తుంది. పాదం చూడండి. తెడ్డులా ఉంటే సముద్రానిది, గోళ్లతో కాళ్లుంటే నేలది. పిల్లలు ముచ్చటపడినా పెంకుకి రంగు వేయనివ్వకండి, అదీ నేరమే.

నిజంగా తరలింపు వల్ల తాబేళ్లు బతుకుతున్నాయా?

పూడ్చడం కంటే మేలు, అందులో సందేహం లేదు. కానీ ట్రక్కు ఎక్కించినంత మాత్రాన కాపాడినట్టు కాదు. ఊరికే వదిలేస్తే చాలా తాబేళ్లు కొత్తచోటు విడిచి వెళ్లిపోతాయి. అందుకే మొదటి ఆరు నెలలు నేలలోకి దిగేసిన కంచె లోపల ఉంచుతారు. ఈలోపు అవి బొరియలు తవ్వుకుని, గడ్డి రుచి చూసి, అక్కడే ఉండిపోవడానికి అలవాటు పడతాయి. ఈ పద్ధతి వచ్చాక ఫలితం మెరుగైంది.

ఎడారిలో ఇంకో పాఠం ఉంది. కాలిఫోర్నియా, నెవాడాల్లోని మోహావి ఎడారి తాబేలు దీని దగ్గరి బంధువు, 1990 నుంచి కేంద్ర జాబితాలో ఉంది. 2008లో ఫోర్ట్ ఇర్విన్ సైనిక స్థావరం విస్తరణ కోసం సుమారు 600 తాబేళ్లని తరలించారు. అప్పటికే కరువుకి కుందేళ్లు తగ్గిపోయి ఆకలితో ఉన్న కొయోటీలు (నక్కల్లాంటి జంతువులు) వాటిలో చాలావాటిని తినేశాయి. తరలింపు ఆపేయాల్సి వచ్చింది. లాస్ వేగస్ ఉన్న క్లార్క్ కౌంటీలో పద్ధతి వేరు. ఎకరానికి 550 డాలర్లు కడితే ఆ నిధితో వేరేచోట ఎడారిని కాపాడతారు.

నన్నడిగితే, 25 అడుగులు వదిలి కట్టుకోగలిగిన ప్రతి చోటా అదే చేయాలి. ప్లాన్ గీసే ఆర్కిటెక్ట్‌కి ముందే సర్వే మ్యాప్ ఇస్తే సగం కేసుల్లో ఇల్లు పది అడుగులు జరిగితే సరిపోతుంది. మాకు ఎవరూ చెప్పలేదు, ప్లాన్ అప్పటికే పాసైపోయింది.

ఇండియాలో మా ఊళ్లో కూడా స్థలం ఉంది. అక్కడ తాబేలు కనబడితే?

రాయలసీమ మెట్ట భూముల్లో, ముళ్ల పొదల్లో నక్షత్ర తాబేలు ఉంటుంది. పెంపుడు జంతువుల దొంగ వ్యాపారం దాన్ని పీల్చి పిప్పి చేసింది. 2019లో అంతర్జాతీయ వ్యాపారాన్ని పూర్తిగా నిషేధించే జాబితాలోకి ఎక్కించారు. మన వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణతో మొదటి షెడ్యూల్‌లోకి వచ్చింది, పులితో సమానంగా. శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్లు, జరిమానా 25,000 రూపాయలకి తగ్గదు. ఇల్లు కట్టుకునేవాళ్ల కోసం ఫ్లోరిడాలోలా ఫారం నింపి తరలించే ఏర్పాటు అక్కడ లేదు. పట్టడానికి అనుమతి ఇవ్వగలిగింది చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్. అటవీ శాఖకి చెప్పి, వాళ్లు వచ్చేదాకా ముట్టుకోకండి. అదృష్టమని ఇంట్లో పెంచుకోవడం కూడా నేరమే. చూడాలనిపిస్తే శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మం గుడికి వెళ్లండి, అక్కడ ఆవరణలోనే వాటిని సాకుతారు.

ఇల్లు కట్టేశాం. ఏడాది తర్వాత పెరట్లో కొత్త బొరియ కనబడింది. ఇప్పుడేం చేయాలి?

ఏమీ చేయనక్కర్లేదు. దాని 25 అడుగుల్లో స్విమ్మింగ్ పూల్ తవ్వనంతకాలం మీకూ దానికీ గొడవ లేదు. కుక్కని దూరంగా ఉంచండి, గడ్డికి మందు కొట్టడం మానేయండి, కంచె కింద అది దూరేంత సందు వదలండి. మా పెరట్లోకి పక్క ఖాళీ స్థలం నుంచి ఒకటి వచ్చింది. మా అమ్మ పొద్దున్నే తులసికోటకి నీళ్లు పోసి, మందార పూలు రెండు దాని దారిలో వేసేది. అడవి జంతువుకి తిండి పెట్టకూడదమ్మా, రూల్ ఉంది అంటే, "నేను పెట్టట్లేదురా, పూలు రాలాయి" అనేది.